జిల్లాకి ఉద్గారాల లక్ష్యం పెట్టడం: శాతం కంటే ముందు తేల్చుకోవాల్సినవి

తెలంగాణలో ఒక జిల్లాకి 2035, 2050 సంవత్సరాలకు హరితగృహ వాయువుల తగ్గింపు లక్ష్యాలు తయారుచేసే పని మా బృందం చేసింది. ఎన్ని శాతం అన్న చర్చ చివరి నెలలో గానీ మొదలవలేదు. అంతకు ముందు కాలమంతా వేరే సంగతులకే పట్టింది: ఏ గీత లోపలి ఉద్గారాలు లెక్కలోకి వస్తాయి, ఏ ఏడాదితో పోల్చాలి, వాటిలో ఎన్ని ఇక్కడివాళ్ల చేతిలో ఉన్నాయి. ఇవి గట్టిగా ఉంటే శాతం చిన్నదైనా పనికొస్తుంది. వదులుగా ఉంటే ఎంత పెద్ద శాతం రాసినా పదేళ్ల తర్వాత దాన్ని సరిచూసే దారి ఉండదు. ఈ పని నెత్తిన వేసుకోబోయే వాళ్లకి ఉపయోగపడుతుందని మేం వెళ్లిన దారి, తప్పిన మలుపులు రాస్తున్నాం.

జిల్లా అంటే ఏది

మొదటి చిక్కు జిల్లా అన్న మాటలోనే ఉంది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, పది జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. మన దగ్గరున్న జనాభా లెక్క 2011 నాటిది, అంటే పాత జిల్లాది. కరెంటు లెక్క పంపిణీ సంస్థల (డిస్కంల) ఆపరేషన్ సర్కిళ్ల వారీగా వస్తుంది. సర్కిల్ హద్దు జిల్లా హద్దుతో అన్ని ఏళ్లలోనూ కలవదు. మండలాలు కలుపుకుంటూ పోతే సరిపోతుందనుకున్నాం. మండలాలు కూడా చీలాయి కాబట్టి కూడిక ఎక్కడా కుదరలేదు.

చివరికి ఊరి దాకా దిగాం. 2011 జనగణనలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక కోడ్ ఉంది. ఆ కోడ్ పట్టుకుని పాత మండలం, కొత్త మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా అని నాలుగు గళ్ల పట్టిక కట్టాం. విసుగు పుట్టించే పనే, కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి అంకె ఆ పట్టిక మీదే నిలబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి కాబట్టి అక్కడా ఇది లేకుండా అడుగు పడదు. భద్రాద్రి వైపు చేసేవాళ్లు 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రకి వెళ్లిన ఏడు మండలాలను వేరే రంగులో గుర్తుపెట్టుకోవాలి.

గీత గీశాక, ఏ పొగ ఎవరి ఖాతాలోది అన్నది వస్తుంది. నగరాలు, ప్రాంతాల ఉద్గారాలు లెక్కించడానికి డబ్ల్యూఆర్‌ఐ, సీ40, ఇక్లీ అనే అంతర్జాతీయ సంస్థలు కలిసి 2014లో తెచ్చిన జీపీసీ పద్ధతిని మేం వాడాం. అందులో మూడు ఖాతాలు. గీత లోపలే వెలువడేవి స్కోప్ 1. గ్రిడ్ కరెంటు వాడినందుకు ఎక్కడో బొగ్గు మండితే అది స్కోప్ 2. ఇక్కడి పనుల వల్ల గీత బయట వెలువడే మిగతావి స్కోప్ 3. చదవడానికి తేలికే. మన నేల మీద పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

పెద్దపల్లి జిల్లానే తీసుకోండి. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటులో మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లు, కలిపి 2,600 మెగావాట్లు. ఏడాదిలో నూటికి 75 వంతులు నడిచిందనీ, యూనిట్ కరెంటుకి 0.95 కిలోల కార్బన్ డయాక్సైడ్ వచ్చిందనీ అనుకుంటే ఏటా సుమారు 1.6 కోట్ల టన్నులు. 2011 లెక్కన ఆ జిల్లా జనాభా దాదాపు 8 లక్షలు. భాగిస్తే మనిషికి 20 టన్నులు. దేశ సగటు 2 టన్నుల చుట్టూ ఉంటుంది. పెద్దపల్లిలో మనిషి పది రెట్లు ఎక్కువ వాడుతున్నాడా? లేదు. ఆ కరెంటు తెలుగు రాష్ట్రాలతో పాటు తమిళనాడు, కర్ణాటక, కేరళ దాకా పోతుంది. స్కోప్ 1, స్కోప్ 2 కలిపేసి కూడితే జిల్లాలో వాడిన కరెంటు రెండుసార్లు లెక్కకి వస్తుంది కూడా. అందుకే జీపీసీలో గ్రిడ్‌కి పోయే కరెంటు తయారీని విడిగా చూపిస్తారు, జిల్లా మొత్తంలో కూడరు. మేం కూడా అలాగే రెండు పట్టికలు పెట్టాం: ఒకటి జిల్లా వాడకానిది, రెండోది జిల్లా నేల మీద వెలువడేది. లక్ష్యం మొదటిదాని మీద. రెండోది దాచలేదు, దాని పక్కనే అచ్చువేశాం, ఎందుకంటే ఆ ప్లాంట్లు మూతపడే రోజున ఉపాధి సంగతి చూడాల్సింది ఆ జిల్లా వాళ్లే.

ఎత్తిపోతలది ఇంకో రకం చిక్కు. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లోని గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు. ఒక్కటి ఒక రోజంతా నడిస్తే 33 లక్షల యూనిట్లు దాటుతుంది. గ్రిడ్ సగటున 2,400 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మీటరు ఒక జిల్లాలో, ఆ నీళ్లు పారే పొలాలు వేరే జిల్లాల్లో. పైగా వానలు బాగా పడిన ఏడు మోటార్లు తక్కువ తిరుగుతాయి, కరువు ఏడు ఎక్కువ తిరుగుతాయి. ఇలాంటిదాన్ని జిల్లా లక్ష్యంలో కలిపితే ఆ ఏటి వానే జిల్లాని పాస్ చేస్తుంది లేదా ఫెయిల్ చేస్తుంది. ఎత్తిపోతలను రాష్ట్ర స్థాయి పద్దుగా విడదీసి చూపించాం.

ఏ ఏడాదితో పోల్చాలి

దేశం ప్రకటించిన లక్ష్యం 2005 నుంచి మొదలవుతుంది: జీడీపీలో రూపాయికి వెలువడే ఉద్గారాలను 2030 నాటికి 45 శాతం తగ్గించడం. దానితో కలిసేలా జిల్లాకీ 2005 పెట్టమన్న సూచన వచ్చింది. ప్రయత్నించాం. 2005లో తెలంగాణ రాష్ట్రమే లేదు. అప్పటి ఇంధన లెక్కలు ఉమ్మడి రాష్ట్రానివి. కరెంటైనా డిస్కంల వారీగా విడదీద్దామంటే అప్పటి సెంట్రల్ డిస్కంలో అనంతపురం, కర్నూలు కూడా ఉండేవి. 2014 విభజన నాడు గానీ అవి సదరన్ డిస్కంలోకి వెళ్లలేదు. పాత లెక్క నుంచి ఆ రెండు సర్కిళ్లు తీసేయకుండా తెలంగాణ లెక్క కడితే 2005 అంకె ఉబ్బుతుంది, ఆ తర్వాత ఏమీ చేయకపోయినా తగ్గినట్టు కనిపిస్తుంది. ఊరి పట్టిక దాకా వెళ్లి 2005 కట్టడం కుదరదని తేల్చుకుని మానేశాం.

2020-21 అసలు వద్దు, అది లాక్‌డౌన్ ఏడాది. దాన్ని బేస్ ఇయర్ (పోల్చే ఏడాది) చేసుకుంటే తర్వాతి ప్రతి ఏడూ పెరుగుదలే. మేం 2019-20 పెట్టుకున్నాం. 33 జిల్లాల పటంతో నడిచిన మొదటి పూర్తి ఆర్థిక సంవత్సరం అది. 20వ పశుగణన 2019దే. మార్చి ఆఖరి వారం లాక్‌డౌన్‌లో పోయింది కాబట్టి ఆ నెల బంకుల అమ్మకాలను అంతకు ముందు రెండు మార్చిలతో పోల్చి సరిచేసి, సరిచేశామని కింద రాసిపెట్టాం. వరి విస్తీర్ణానికి మాత్రం ఒక్క ఏడాది మీద ఆధారపడలేదు. మూడేళ్ల సగటు తీసుకున్నాం. చెరువు నిండిన ఏటికీ నిండని ఏటికీ యాసంగి నాట్లలో ఉండే తేడా ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

బేస్ ఇయర్‌తో పాటు తేల్చాల్సింది ఇంకొకటుంది, దాన్ని చాలామంది చూడరు. మీథేన్‌ని కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చే గుణకం, అంటే ఒక టన్ను మీథేన్ ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పెంచుతుందన్నది. పాత నివేదికల్లో అది 21. ఇప్పుడు వాడుతున్న ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) ఐదో నివేదికలో 28. వరి, పశువులు ఎక్కువున్న జిల్లాలో ఒక్క మడి కూడా మారకుండానే మీథేన్ పద్దు మూడో వంతు పెరుగుతుంది. పాత లెక్క 21తో, కొత్త లెక్క 28తో పక్కపక్కన పెట్టిన కాగితం మా చేతికే వచ్చింది. ఏదో ఘోరం జరిగిందనుకుని ఒక రోజంతా పశువుల లెక్కలు తవ్వాం. మీథేన్‌కి 28, నైట్రస్ ఆక్సైడ్‌కి 265 అని లక్ష్యం వాక్యంలోనే రాసేయడం మంచిది.

అంకెలు ఎక్కడ జారతాయి

డీజిల్ లీటరుకి సుమారు 2.7 కిలోలు, పెట్రోల్ లీటరుకి 2.3 కిలోలు, 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌కి 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. గుణకాల్లో గొడవ లేదు. గొడవంతా లీటర్లలో. బంకులో అమ్మిన డీజిల్ జిల్లాలోనే కాలిందని ఎవరూ చెప్పలేరు. 44వ నంబరు హైవే మీది బంకులో నింపుకున్న లారీ నాగపూర్ దాకా పోతుంది. రాష్ట్రం సరిహద్దులో రేట్ల తేడా వల్ల బళ్లు అవతలి పక్కన నింపుకొస్తాయి. అదే బంకు డీజిల్ ట్రాక్టరుకీ, వరికోత మిషన్‌కీ, డబ్బాల్లో జనరేటర్లకీ పోతుంది. మేం హైవే బంకుల అమ్మకాలు విడిగా తీసి, మిగిలిన వాటినే జిల్లా రవాణాగా లెక్కేశాం. ట్రాక్టర్లకి ఎకరాకి దుక్కి, దమ్ము, కోతకి ఎన్ని లీటర్లో రైతులనే అడిగి వేరే పద్దు కట్టి, బంకు లెక్కలోంచి తీసేశాం.

ఒక ఏడాది బంకు అమ్మకాలు ఎగబాకి, టోకు అమ్మకాలు పడిపోయి కనిపిస్తే కంగారు పడొద్దు. 2022లో టోకు డీజిల్ ధర బంకు ధరను దాటిపోయింది, ఆర్టీసీ బస్సులు బంకుల్లో నింపుకున్నాయి. ఆర్టీసీ డిపో పుస్తకాల నుంచి బస్సుల డీజిల్, చమురు కంపెనీల నుంచి బంకుల డీజిల్ తెచ్చి రెండూ కూడితే ఆ నెలల్లో బస్సులు రెండుసార్లు పడతాయి.

కరెంటు విషయంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే గ్రిడ్ సగటు వాడాలి. ఇటీవలి ఏళ్లలో అది యూనిట్‌కి 0.72 కిలోల దగ్గర ఉంది. కానీ అది ప్లాంటు గేటు దగ్గరి లెక్క. ఊరి మీటరు దాకా వచ్చేసరికి తీగల్లో పోయినదీ కలపాలి. నష్టం నూటికి 15 అనుకుంటే మీటరు దగ్గర ఒక యూనిట్ వెనక 0.85 కిలోలు ఉన్నట్టు. జీపీసీ ఆ తేడాను స్కోప్ 3లో వేయమంటుంది. ఎక్కడ వేసినా సరే, ఒక ఏడు కలిపి ఒక ఏడు వదిలేయకూడదు.

అన్నిటికన్నా పట్టు దొరకనిది వ్యవసాయ కరెంటు. బోరు మోటార్లకి మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకి మీటరు పెట్టి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన పద్ధతిలో మొత్తం వాడకాన్ని అంచనా కడతారు. అంచనాలో వ్యవసాయం ఎక్కువ పడితే ఆ మేరకు తీగల నష్టం తక్కువగా కనిపిస్తుంది. తక్కువ పడితే అందుకు వ్యతిరేకం. రేపు ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కీ మీటరు వస్తే వ్యవసాయ వాడకం కాగితం మీద ఒక్కసారిగా పడిపోవచ్చు, నష్టం పెరగొచ్చు. ఆ పడిపోవడాన్ని తగ్గింపుగా రాసుకోవడం తప్పు. అందుకని వ్యవసాయం, నష్టం రెండూ కలిపి ఒకే పద్దుగా పెట్టి, దానికి ఒకే లక్ష్యం ఇచ్చాం. 5 హార్స్‌పవర్ మోటారు రోజుకి 7 గంటల చొప్పున 120 రోజులు నడిస్తే 3,100 యూనిట్లు దాటుతుంది, అంటే రెండు టన్నుల పైమాటే. ఒక జిల్లాలో ఎన్ని మోటార్లుంటాయో తెలిసినవాళ్లకి ఈ పద్దు బరువు చెప్పక్కర్లేదు.

వరి మడిలో

మా సమయంలో పెద్ద వాటా వరి తీసుకుంది. నీళ్లు నిలిచిన మట్టిలో గాలి ఆడదు. కుళ్లే గడ్డి, వేళ్ల మీద బతికే సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి, అది చాలావరకు వరి కాడ గుండానే పైకి వస్తుంది. మన దేశంలో కొలిచి ఖాయం చేసిన గుణకాలు ఉన్నాయి. సీజన్ అంతా నీళ్లు నిలిపి ఉంచితే హెక్టారుకి 162 కిలోల మీథేన్. మధ్యలో ఒక్కసారి ఆరబెడితే 66. చాలాసార్లు ఆరబెడితే 18. ఎకరాల్లోకి, కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చితే మొదటిది ఎకరాకి 1.8 టన్నులు, చివరిది 0.2 టన్నులు. తొమ్మిది రెట్ల తేడా. అంటే వరి ఎన్ని ఎకరాలన్న దానికన్నా, ఏ మడి ఎన్నిసార్లు ఆరింది అన్నదే ముఖ్యం. ఆ సంగతి ఏ ఆఫీసు రిజిస్టర్లోనూ లేదు. శాటిలైట్ చిత్రాల్లో విస్తీర్ణం దొరుకుతుంది గానీ పది రోజులకోసారి వచ్చే చిత్రంలో రెండు రోజుల ఆరబెట్టు దొరకదు.

మేం సాగునీటి మూలాన్ని బట్టి మడులను విడదీశాం. కాలువ కింద ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో, అంటే కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపి, నీళ్లిచ్చే చోట మధ్యలో మడి ఆరుతుంది, కానీ మడి నుంచి మడికి నీళ్లు పారే పల్లపు పొలాల్లో ఆరదు. చెరువు కింద తూము దగ్గర ఒక తీరు, చివర ఒక తీరు. బోరు కింద మడి సహజంగానే ఆరుతూ తడుస్తూ ఉండాలి. ఆటో స్టార్టరు బిగించిన చోట మాత్రం కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండే ఉంటుంది. మీథేనూ, కరెంటూ, భూగర్భ జలమూ మూడూ అక్కడే పోతున్నాయి. ఆటో స్టార్టర్లు తీయించడం మా జాబితాలో ఖర్చు అతి తక్కువ, ఫలితం అతి ఎక్కువ ఉన్న పనుల్లో ఒకటిగా తేలింది.

మడిని ఆరబెడుతూ మళ్లీ తడిపే తడి-పొడి సాగుని 2035 లక్ష్యంలో చేర్చే ముందు దాన్ని సరిచూసే పద్ధతి కావాలి. బెజ్జాలు పెట్టిన అడుగు పొడవు పైపు ముక్క చాలు. సగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తోడేస్తే మడి కింద నీటి మట్టం కనిపిస్తుంది. పైన నీళ్లు ఇంకిపోయి, పైపులో నీళ్లు మట్టి పైభాగం నుంచి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెట్టాలి. నాటు వేర్లు తొడుక్కునే దాకా, ఆ తర్వాత పూత దశలో ఆరబెట్టకూడదు. నాట్లు ఆలస్యమైన మడుల్లో, కలుపు ఎక్కువున్న మడుల్లో రైతు ఆరబెట్టడానికి జంకుతాడు. అతని జంకు న్యాయమైనదే, నీళ్లు లేకపోతే కలుపు లేస్తుంది, కూలీ ఖర్చు మీద పడుతుంది. నేరుగా వెదజల్లిన వరిలో ఇది మరీ ఎక్కువ. ఇంకోటి, ఆరిన మడిలో యూరియా వల్ల నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. మీథేన్‌లో మిగిలినదంతా లాభమని రాసుకోకుండా అందులోంచి కొంత తీసేయాలి. మేం 18 గుణకాన్ని లక్ష్యంలో ఎక్కడా వాడలేదు. తడి-పొడి చేసే ప్రతి ఎకరాకీ 66 మాత్రమే వేశాం. రేపు కొలతలు అంతకన్నా బాగుంటే అప్పుడు దించుకోవచ్చు; ముందే దించి తర్వాత పైకి సవరించడం కష్టం.

పశువుల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఐపీసీసీ 2006 గుణకం గేదెకి ఏటా 55 కిలోల మీథేన్, అంటే టన్నున్నర. మేత మార్చి కొంత తగ్గించవచ్చు గానీ, పాల మీద బతికే ఇంటికి పశువులు తగ్గించమని లక్ష్యం రాయలేం. లీటరు పాలకి ఇంత అన్న కొలత మాత్రమే పెట్టాం. ట్రాక్టర్లు వచ్చి దుక్కిటెద్దులు తగ్గిన చోట మీథేన్ పద్దు తగ్గి డీజిల్ పద్దు పెరుగుతుంది, ఆ రెండూ కలిపి చూడాలి.

సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లాలు, అంటే మఠంపల్లి, తాండూరు, ఎర్రగుంట్ల వైపు చేసేవాళ్లు ఒకటి గమనించాలి. సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిసరుకు క్లింకరు, టన్నుకి అర టన్ను పైన కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయి నుంచే వస్తుంది. బొగ్గు మానేసినా, కరెంటంతా సోలార్ చేసినా అది పోదు. బూడిద, స్లాగ్ కలిపి క్లింకరు వాటా తగ్గించడమే మార్గం. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం ఆ ఫ్యాక్టరీలకి విడిగా లక్ష్యాలు ఇస్తోంది కాబట్టి జిల్లా లక్ష్యంలో వాటిని వేరే వరుసలో ఉంచాలి. లేకపోతే ఒకే తగ్గింపును రెండు చోట్ల చెప్పుకున్నట్టవుతుంది.

ఏ రూపంలో లక్ష్యం

ఇక్కడే ఎక్కువ వాదన జరిగింది. లక్ష్యాన్ని ‘ఏమీ చేయకపోతే అయ్యేదాని కంటే ఇంత శాతం తక్కువ’ అని రాద్దామన్నారు కొందరు. దాన్ని మేం ఒప్పుకోలేదు. ఈరోజు ఉద్గారాలు 100 అనుకోండి. ఏటా 5 శాతం పెరుగుతాయని అంచనా వేస్తే 30 ఏళ్లకి 432. దానిలో సగం తగ్గిస్తామంటే 216, అంటే ఈరోజుకి రెండింతలు. అదే 4 శాతం అంచనా వేస్తే సగం అంటే 162. లక్ష్యం శాతం మారలేదు, వాతావరణంలోకి పోయేది మాత్రం నాలుగో వంతు మారిపోయింది. పెరుగుదల అంచనా వేసేవాళ్ల చేతిలో లక్ష్యం ఉండకూడదు. అంచనా గీత పని ప్రణాళికకి కావాలి. లక్ష్యానికి మాత్రం బేస్ ఇయరే కొలత.

రూపాయికి ఇంత అన్న కొలత దేశానికి కుదురుతుంది గానీ జిల్లాకి కుదరదు. జిల్లా స్థూల ఉత్పత్తి అంచనాలు కొన్ని ఏళ్లకోసారి కొత్త ఆధార ధరలకి మారతాయి, ఒక పెద్ద ఫ్యాక్టరీ వస్తే భాజకం ఎగిరిపోతుంది. మనిషికి ఇంత అన్న కొలతలో న్యాయం ఉంది, పేద జిల్లా పెరగడానికి చోటుంటుంది. కానీ భాగించడానికి 2011 జనాభా తప్ప గట్టిది లేదు.

మనిషికి లెక్కన ప్రాంతీయ లక్ష్యాలు పెట్టి, ఏళ్ల తరబడి సరిచూసిన చోటు కాలిఫోర్నియా.  2008లో చేసిన ఎస్‌బీ 375 చట్టం కింద 18 ప్రాంతీయ ప్రణాళిక సంస్థలకి 2010లో లక్ష్యాలు ఇచ్చారు. కార్లు, చిన్న ట్రక్కుల ఉద్గారాలు మాత్రమే. 2005తో పోల్చి మనిషికి ఎంత శాతం తగ్గాలో 2020కీ 2035కీ. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలి బే ఏరియాకి 2035లో 15 శాతం అన్నది 2018 సవరణలో 19 అయింది, లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి 13 ఉన్నది 19 అయింది. మాకు బాగా పనికొచ్చిన సూత్రం అందులో ఒకటుంది. ఇంజన్లు మెరుగుపడటం వల్ల, ఇంధనం శుభ్రపడటం వల్ల వచ్చే తగ్గింపును ప్రాంతాలు తమ ఖాతాలో వేసుకోకూడదు. ఇళ్లు ఎక్కడ కట్టాలి, బస్సు ఎక్కడికి వెళ్లాలి అన్నది ప్రాంతం చేతిలో ఉంది, దాని వల్ల తగ్గిందే లెక్క. ఆ తర్వాత జరిగింది కూడా చదవాలి: 2018లో, ఆ లక్ష్యాలిచ్చిన కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డే ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రణాళికలన్నీ కాగితం మీద లక్ష్యాన్ని అందుకున్నాయి, మనిషి కారు నడిపే దూరం మాత్రం తగ్గలేదు. ప్రణాళిక రాసినవాళ్ల చేతిలో ఇళ్ల అనుమతులు లేవు, అవి నగరాల చేతిలో ఉన్నాయి.

అందుకని మా జిల్లా జాబితాను ఎవరి చేయి పడుతుందో దాన్ని బట్టి విడదీశాం. వీధి దీపాలు, తాగునీటి మోటార్లు, చెత్త, కొత్త ఇళ్ల అనుమతులు, చిన్న కాలువల నీటి విడుదల జిల్లాలోనే తేలతాయి. ఆర్టీసీ బస్సులు, వ్యవసాయ ఫీడర్ల సోలార్ రాష్ట్రానివి. గ్రిడ్ ఎంత శుభ్రపడుతుందన్నది కేంద్రానిది. మొదటి వరుసకి ఖాయమైన లక్ష్యం, రెండో వరుసకి రాష్ట్ర శాఖల సంతకంతో లక్ష్యం, మూడోదానికి లక్ష్యం లేదు, అంచనా మాత్రమే. సంతకం దొరకని రెండు పనులను ఎంత ఆశగా ఉన్నా తీసేశాం.

చెత్తను మొదటి వరుసలో పెట్టినా దాని నుంచి తొందరగా ఫలితం ఆశించలేదు. డంపింగ్ యార్డు ఈరోజు మూసినా, ఇప్పటికే పోసిన చెత్త కుళ్లుతూ ఏళ్ల తరబడి మీథేన్ వదులుతుంది. తడి చెత్త వేరుచేయడం ఎంత ముందు మొదలుపెడితే 2035 అంకె అంత తగ్గుతుంది.

తగ్గింపులను కూడేటప్పుడు చేసే తప్పు ఒకటి ప్రతి ముసాయిదాలోనూ కనిపిస్తుంది. వాడకం 30 శాతం తగ్గిస్తాం, గ్రిడ్ 50 శాతం శుభ్రపడుతుంది, మొత్తం 80 అని. మిగిలిన 70లో సగం అంటే 35, కాబట్టి తగ్గేది 65. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ఇప్పుడు ఏటా మూడు టన్నులు తప్పిస్తుంది. గ్రిడ్ సగం శుభ్రపడ్డాక అదే ప్లేటు తప్పించేది ఒకటిన్నర టన్ను. 2050 దాకా మూడు టన్నుల చొప్పున రాసుకుంటూ పోకూడదు.

మధ్య మైలురాళ్లు లేని 2050 లక్ష్యం పెట్టొద్దని గట్టిగా చెప్పాం. 2025లో 100 ఉన్నది 2050కి సున్నా కావాలంటే, ఏటా సమానంగా తగ్గిస్తే ఆ పాతికేళ్లలో గాలిలోకి పోయేది మొత్తం 1,250. 2040 దాకా ఊరుకుని చివరి పదేళ్లలో దించితే 2,000. చివరి అంకె ఒకటే, వేడిమి ఒకటి కాదు. పాతికేళ్లలో 90 శాతం తగ్గించాలంటే ఏటా మిగిలినదాంట్లో 8.8 శాతం తగ్గాలి. పదేళ్లు ఆలస్యం చేస్తే 14 శాతం దాటుతుంది. ఇంకోపక్క, ఇప్పుడు కొన్నవి 2050లోనూ ఉంటాయి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు పాతికేళ్లు నడిచినా 2050 వస్తుంది. ఈ ఏడు అనుమతిచ్చే అపార్ట్‌మెంటు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే 2030, 2035, 2040, 2045 అంకెలు 2050తో పాటే అచ్చువేశాం, ప్రతిదాని పక్కన ఆ ఐదేళ్ల మొత్తం కూడా.

చెట్ల పద్దు

చెట్లు పీల్చుకునేదాన్ని తగ్గింపులోంచి తీసేసి నికర అంకె ఒక్కటే చూపిద్దామన్న ఒత్తిడి ప్రతిచోటా ఉంటుంది. ఒప్పుకోకండి. ఫారెస్ట్ సర్వే లెక్కలో ఒక హెక్టారు పైన, పది శాతం ఆకుల నీడ ఉన్న నేలంతా అటవీ కవరే. అందులో మామిడి తోటలు, జామాయిల్, సుబాబుల్, సరుగుడు కూడా వస్తాయి. జామాయిల్ కొట్టిన ఏడు అడవి తగ్గినట్టు, పిలకలు లేచిన ఏడు పెరిగినట్టు కనిపిస్తుంది. నాటిన మొక్కల సంఖ్య కూడా పనికిరాదు. మూడో ఏడు బతికున్న మొక్కల లెక్క మాత్రమే తీసుకున్నాం, అదీ విడి వరుసలో. లక్ష్యం స్థూల ఉద్గారాల మీదే.

లక్ష్యం రాత

శాతాలు ఇక్కడ రాయడం లేదు; ఒక జిల్లా శాతం ఇంకో జిల్లాకి పనికిరాదు. వాక్యం కట్టు మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు. బేస్ ఇయర్ 2019-20. హద్దు 2020 మార్చి 31 నాటి గ్రామాల జాబితా, అనుబంధంలో కోడ్‌లతో సహా. లెక్కలో ఉన్నవి కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్. గుణకాలు 1, 28, 265. గ్రిడ్‌కి పోయే తయారీ, ఎత్తిపోతలు, ట్రేడింగ్ పథకంలోని ఫ్యాక్టరీలు విడి వరుసల్లో. స్థూల టన్నులు, పక్కన మనిషికి టన్నులు. జిల్లా చేతిలోవి, రాష్ట్రం చేతిలోవి వేర్వేరుగా.

చివరి పేరాలో తిరిగి లెక్కించే నియమం ఉంది, మేం అన్నిటికన్నా ఎక్కువసార్లు తిరగరాసింది అదే. జిల్లా హద్దు మారినా, గుణకం మారినా, మీటర్లు వచ్చి వ్యవసాయ అంచనా మారినా, ఆ మార్పు వల్ల బేస్ ఇయర్ మొత్తం 5 శాతం దాటి కదిలితే బేస్ ఇయర్‌నే కొత్త పద్ధతిలో మళ్లీ కట్టాలి, పాత అంకెను కొట్టేయకుండా పక్కనే ఉంచాలి. శాతం మాత్రం కదలకూడదు. 2027 జనగణన అంకెలు రాగానే మనిషికి టన్నుల వరుస మొత్తం ఈ నియమం ప్రకారం తిరిగి కట్టాలి. అందుకోసం ఊరి కోడ్‌ల పట్టిక, రైతులను అడిగి రాసుకున్న దుక్కి లీటర్లు, హైవే బంకుల జాబితా మూడూ నివేదికతో పాటే జిల్లా గణాంక విభాగానికి అప్పగించాం.